డీఎంఎక్స్ కేబుల్ సొంతంగా కట్టుకోవడం: ఏ తీగ, ఏ పిన్ను, ఎంత పొడవు?

కొత్తరంగు · మంగళవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర చిన్న నాటక బృందం. పరిషత్ పోటీలకు వెళ్తుంటాం, మధ్యలో కాలేజీ వార్షికోత్సవాలకు కూడా లైట్లు పెడతాం. ఈ ఏడాది ఒకే వైపు వెలిగే ఎల్ఈడీ పార్‌లు పన్నెండు, తలతిప్పే మూవింగ్ హెడ్లు నాలుగు కొన్నాం. లైట్లకు డీఎంఎక్స్ పద్ధతిలో ఆదేశాలు పంపే బోర్డు హాలు వెనక ఉంటుంది. అక్కడి నుంచి వేదికకు సుమారు నలభై మీటర్లు, ఆ తరువాత లైటు నుంచి లైటుకు గొలుసుకట్టు. మొత్తం కలిపితే వంద మీటర్లు కావచ్చు.

పార్‌లు మాత్రమే పెట్టినప్పుడు ఏ గొడవా లేదు. మూవింగ్ హెడ్లు కలిపినప్పటి నుంచి చివరి తొమ్మిది లైట్లు వణుకుతున్నాయి. మొన్న విషాద ఘట్టంలో నటి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే వెనక మూవింగ్ హెడ్ ఒకటి తలతిప్పి గోడ వైపు చూసింది. ప్రేక్షకులు నవ్వారు.

ప్రస్తుతం వాడుతున్నవి మైకు కేబుళ్ళు. సౌండు పెట్టే స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నవి. ఇక సొంతంగా ఓ ఇరవై కేబుళ్ళు కట్టుకుందామని ఉంది. ఏ తీగ కొనాలి? సోల్డరింగ్ కొంచెం వచ్చు.

మైకుసెట్టు · మంగళవారం, రాత్రి 10:40

తమ్ముడూ, ఇరవై ఏళ్ళుగా లైట్లకు మైకు కేబులే వేస్తున్నాను. ఒక్క రోజు కూడా వణకలేదు. రెండు తీగలు, వాటిని చుట్టిన లోహపు షీల్డు ఒకటి, మూడు పిన్నులు. కరెంటుకు తాను మైకు తీగలో ఉన్నానో లైటు తీగలో ఉన్నానో తెలుస్తుందా? నీ లైట్లలోనే లోపం ఉంటుంది. ప్రత్యేక కేబుల్ అంటే అంగడివాడి లాభం కోసం పెట్టిన పేరు.

ఓమ్‌సూత్రం · మంగళవారం, రాత్రి 11:25

మైకుసెట్టు గారూ, కరెంటుకు తెలుస్తుంది. అందులోనే ఉంది చిక్కంతా.

మైకులో నడిచేది గొంతు. మహా అయితే ఇరవై కిలోహెర్ట్జ్. డీఎంఎక్స్‌లో నడిచేవి సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. ఒక్కో బిట్టుకు నాలుగు మైక్రోసెకన్లు. అంచు నిటారుగా లేచి నిటారుగా పడాలి. అంత వేగంలో తీగ ఉత్త తీగలా ఉండదు, దానికి తనదైన ఇంపిడెన్స్, అంటే వేగంగా మారే సంకేతానికి అది చూపే నిరోధం, ఉంటుంది. డీఎంఎక్స్ నడిచేది జంట తీగల మీద డేటా పంపే ఆర్ఎస్-485 పద్ధతి మీద. దానికి సరిపడే కేబుల్ 120 ఓమ్‌లది. మైకు కేబుల్‌కు అలాంటి లెక్క ఉండదు. ఉన్నా చాలా తక్కువ ఉంటుంది, పైగా రెండు తీగల మధ్య కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) తరచుగా రెట్టింపు. దాంతో నిటారు అంచులు కరిగిన కొవ్వొత్తిలా వంగుతాయి.

ఇక పొడవు సంగతి. కేబుల్‌లో సంకేతం మీటరుకు దాదాపు ఐదు నానోసెకన్లు తీసుకుంటుంది. వంద మీటర్ల చివరకు వెళ్ళి, అక్కడ దాన్ని మింగేవాడు లేకపోతే, గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంది. పోనూ రానూ ఒక మైక్రోసెకను. లైటు లోపలి చిప్పు ఒక్కో బిట్టును దాని మధ్య భాగంలో, అంటే రెండు మైక్రోసెకన్ల దగ్గర చూస్తుంది. ప్రతిధ్వని తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చే సమయం సరిగ్గా అదే. పొడవు ఇరవై మీటర్లే అయితే ఈ ప్రతిధ్వనులన్నీ చిప్పు కళ్ళు తెరిచేలోపే అణగిపోతాయి.

మీరు ఇరవై ఏళ్ళుగా వేస్తున్న గొలుసు పొడవు ఎంతో చెప్పగలరా?

మైకుసెట్టు · మంగళవారం, రాత్రి 11:52

పెళ్ళి స్టేజీలే ఎక్కువ. బోర్డు స్టేజీ పక్కనే పెట్టుకుంటాను. ఆరు లైట్లు, ఎనిమిది లైట్లు. ఇరవై, ఇరవై ఐదు మీటర్లు.

సరే, అర్థమైంది. అయినా నా కేబుల్‌ను తప్పుపట్టకండి.

పాతతెర · బుధవారం, ఉదయం 6:05

తెల్లవారుజామునే లేచి ఇదంతా చదివాను. మా రోజుల్లో డిమ్మరంటే కుండలో ఉప్పునీళ్ళు. అందులోకి లోహపు పలకను దించుతుంటే లైటు పెరిగేది, ఎత్తుతుంటే తగ్గేది. ఘట్టం పొడవైతే నీళ్ళు మరిగేవి. ఆ కుండ దగ్గర కూర్చున్న కుర్రవాడు కునుకు తీస్తే సీతమ్మవారు చీకట్లో పడేవారు. తరువాత ఒక్కో లైటుకు ఒక్కో తీగ వేసి, సున్నా నుంచి పది వోల్టులతో నడిపే బోర్డులు వచ్చాయి. నలభై ఎనిమిది లైట్లుంటే నలభై ఎనిమిది తీగలు, తాటిమాను మొదలంత లావు కట్ట. ఆ కట్టలు మోసినవాడిని కాబట్టి చెబుతున్నాను, రెండు తీగల్లో 512 ఛానెళ్ళు పోతున్నాయంటే ఆ రెండు తీగలను కాస్త గౌరవంగా చూసుకోండి బాబూ.

ఓమ్‌సూత్రం · బుధవారం, ఉదయం 7:30

పాతతెర గారు చెప్పిన ఆ తీగల కట్టల బాధ పడలేకే అమెరికాలోని రంగస్థల సాంకేతికుల సంస్థ యూఎస్ఐటీటీ 1986లో డీఎంఎక్స్‌ను తయారుచేసింది. 1990లో ఒకసారి సవరించారు. తరువాత 2004లో అది అక్కడి జాతీయ ప్రమాణమైంది. పుట్టినప్పుడు ఉద్దేశం డిమ్మర్లను నడపడమే. అందుకే వచ్చిన అంకె తప్పో ఒప్పో సరిచూసుకునే ఏర్పాటు అందులో లేదు. ఎనిమిది బిట్లలో పై బిట్టు ఒకటి తారుమారైతే లైటు ఒక్కసారిగా సగం వెలుగు ఎగరేస్తుంది. మూవింగ్ హెడ్ అయితే గోడ చూస్తుంది. సెకనుకు నలభై నాలుగు సార్ల దాకా కొత్త సమాచారం వస్తుంది కాబట్టి వెంటనే సర్దుకుంటుంది, మన కంటికి వణుకులా కనిపిస్తుంది. బాణసంచా, మనుషుల నెత్తిమీద కదిలే బరువులు దీంతో నడపవద్దని ప్రమాణం హెచ్చరించేది ఇందుకే.

నీలికాంతి · బుధవారం, ఉదయం 9:10

హైదరాబాద్‌లో నాటకాలకు, నృత్య ప్రదర్శనలకు లైట్లు చేస్తాను. సిద్ధాంతం బాగుంది కానీ కొత్తరంగు గారు ముందుగా ఒక పని చేయండి. తీగ కొనే ముందు టెర్మినేటర్ పెట్టండి. మూడు పిన్నుల మేల్ కనెక్టర్ ఒకటి తీసుకుని, 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ సోల్డర్ చేయండి. పావు వాట్ చాలు. గొలుసులో చివరి లైటు అవుట్‌లో గుచ్చండి. ప్రతిధ్వనిని మింగేది అదే. సగం ఫిర్యాదులు దానితోనే పోతాయి.

కొత్తరంగు · బుధవారం, సాయంత్రం 6:48

నీలికాంతి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు వణుకు లేదు. ఎందుకంటే ఏడో లైటు తరువాత ఏదీ వెలగడం లేదు! టెర్మినేటర్ తీసేస్తే మళ్ళీ తొమ్మిదీ వణుకుతూ పనిచేస్తున్నాయి. రెసిస్టర్ కొలిచాను, 119 ఓమ్‌లు. నేనేమైనా తప్పు చేశానా?

మైకుసెట్టు · బుధవారం, సాయంత్రం 7:02

చూశారా! ఉన్నదీ ఊడింది.

నీలికాంతి · బుధవారం, సాయంత్రం 7:15

కాదండీ, దొరికింది. ఏడో లైటుకూ ఎనిమిదో లైటుకూ మధ్య కేబుల్‌లో ఏదో ఒక తీగ తెగింది.

ఓమ్‌సూత్రం · బుధవారం, సాయంత్రం 7:50

నీలికాంతి గారు కొలవకుండానే చెప్పినదానికి కారణం ఇది. డీఎంఎక్స్‌లో పిన్ను 2, పిన్ను 3 ఒకదానికొకటి వ్యతిరేకం. ఒకటి లేస్తే రెండోది పడుతుంది. లైటు చూసేది ఆ రెంటి మధ్య తేడాను. ఒక తీగ తెగినప్పుడు అది గాలిలో వేలాడుతుంది, బతికున్న తీగ ఒక్కటే కిందికీ పైకీ కదులుతుంది. ఆ సగం తేడాతోనే చిప్పు ఎలాగో ఊహించి నెట్టుకొస్తుంది. ఒంటికాలితో కుంటినట్టు. మీరు టెర్మినేటర్ పెట్టగానే ఆ రెండు తీగలనూ 120 ఓమ్‌లతో కలిపేశారు. వేలాడే తీగ కూడా బతికున్నదాని వెంటే కదులుతుంది. తేడా సున్నా. లైటుకు ఏమీ వినపడదు.

కరెంటు ఆపి, బోర్డు వైపు కేబుల్ ఊడదీసి, ఆ చివర 2, 3 పిన్నుల మధ్య మీటరు పెట్టండి. టెర్మినేటర్ అలాగే ఉండాలి. గొలుసంతా బాగుంటే 120, 140 ఓమ్‌ల మధ్య చూపాలి. 120 రెసిస్టర్‌ది, మిగతాది తీగది. వేలల్లో చూపితే మధ్యలో తెగినట్టే. టెర్మినేటర్‌ను ఒక్కో లైటు వెనక్కి జరుపుతూ కొలిస్తే ఎక్కడో తేలిపోతుంది.

కొత్తరంగు · బుధవారం, రాత్రి 9:20

ఓమ్‌సూత్రం గారూ, అక్షరాలా అదే. వేలల్లో చూపింది. ఏడో లైటు అవుట్‌లో టెర్మినేటర్ పెడితే 129. ఎనిమిదో దాని దగ్గర పెడితే మళ్ళీ వేలు. మధ్యలో ఉన్న కేబుల్ విప్పి, తీగ తెగిందో లేదో మీటరుతో కంటిన్యుటీ చూస్తే మాత్రం బీప్ మోగింది! కనెక్టర్ దగ్గర కాస్త వంచితే ఆగిపోయింది. లోపల చూస్తే పిన్ను 3 సోల్డర్ ఊడి, ఇన్సులేషన్ ఆసరాతో తగులుతూ ఉంది. కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు అసలు బిగించనే లేదు.

మైకుసెట్టు · బుధవారం, రాత్రి 9:41

అది ఎవడు కట్టాడోగానీ వాడికి సోల్డరింగ్ రాదు. ఈ విషయంలో మాత్రం నా మాట వినాలి. తీగ గురించి మీరు మాట్లాడుకోండి, అతుకు గురించి నేను చెబుతాను.

మొట్టమొదట వెనక మూతను, క్లాంపును కేబుల్‌కు తొడగాలి. అన్నీ అతికాక మూత బల్ల మీద కనిపిస్తుంది, అప్పుడు తల పట్టుకుంటారు. ఇప్పటికీ నాకు నెలకొకసారి జరుగుతుంది. పై తొడుగు రెండు సెంటీమీటర్లకు మించి వలవవద్దు. బ్లేడు షీల్డును తాకకుండా తొడుగు చుట్టూ గీత గీసి, వంచితే అదే విడిపోతుంది. షీల్డ్ పోగులను మెలిపెట్టి సన్నని స్లీవ్ తొడగాలి, లేకపోతే ఒక్క పోగు వెళ్ళి పక్క పిన్ను మీద పడుతుంది. లోపలి తీగలు మూడు, నాలుగు మిల్లీమీటర్లు వలిచి ముందే సోల్డర్ పట్టించాలి. పిన్ను గిన్నెలో కూడా ముందే సోల్డర్ నింపి ఉంచాలి. తరువాత గిన్నెను వేడిచేసి, సోల్డర్ కరిగాక తీగను దించి, ఐరన్ తీసి, చల్లారేదాకా చేయి కదపకూడదు. ఊదవద్దు. అతుకు మెరవాలి. బూడిద రంగులో గరుకుగా ఉంటే మళ్ళీ చేయాలి. ఎక్కువసేపు వేడిచేస్తే పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి పిన్ను వంగుతుంది. మరో పాత కనెక్టర్‌ను ఎదురుగా గుచ్చి ఉంచి సోల్డర్ చేస్తే పిన్నులు వరసలోనే ఉంటాయి.

చివరగా క్లాంపు. బరువు పడాల్సింది తొడుగు మీద, అతుకు మీద కాదు. కేబుల్‌ను గట్టిగా లాగి చూడు. లోపల ఏమైనా జరిగితే బిగించలేదని అర్థం.

నీలికాంతి · గురువారం, ఉదయం 8:20

ఇంత చక్కగా నేను చెప్పలేకపోయేదాన్ని. ఒక్క మాట కలుపుతాను. మైకు కేబుళ్ళలో కొందరు షీల్డును కనెక్టర్ లోహపు ఒంటికి కూడా అతుకుతారు. డీఎంఎక్స్‌లో షీల్డు పిన్ను 1కి మాత్రమే వెళ్ళాలి, ఒంటికి తగలకూడదు. కనెక్టర్ వెళ్ళి లైట్లు వేలాడదీసే ఇనుప ట్రస్ మీద పడుకుంటుంది కదా, అక్కడ ఎర్త్ కలిసిపోతుంది. అలా నాలుగైదు చోట్ల కలిస్తే షీల్డు గుండా అక్కరలేని కరెంటు తిరుగుతుంది.

అది ఎంతదాకా వెళ్తుందో చూశాను కూడా. ఒక ఫంక్షన్ హాల్లో బోర్డుకు హాలు కరెంటు, లైట్లకు జనరేటర్. జనరేటర్‌కు సరైన ఎర్తింగ్ లేదు. రిహార్సల్‌లో కేబుల్ పట్టుకుంటే కనెక్టర్ గోరువెచ్చగా ఉంది. ఆట మొదలయ్యేలోపు ఆరు లైట్లలో డేటా చిప్పులు పోయాయి. అప్పటి నుంచి బోర్డుకూ లైట్లకూ మధ్య ఆప్టో ఐసొలేటెడ్ స్ప్లిటర్ లేకుండా నేను వేదిక ఎక్కను. అందులో డేటా వెలుగు రూపంలో దాటుతుంది, రెండు వైపులకూ లోహపు బంధం ఉండదు. కొత్తరంగు గారికి ఇంకో ఉపయోగం: పార్‌లు ఒక గొలుసు, మూవింగ్ హెడ్లు ఇంకో గొలుసు చేసుకోవచ్చు. ఒకటి పాడైనా రెండోది బతుకుతుంది. వై ఆకారపు కేబుల్‌తో మాత్రం చీల్చకండి, అక్కడే ప్రతిధ్వని పుడుతుంది. స్ప్లిటర్ అవుట్ ఒక్కోదానికీ దాని గొలుసు చివర టెర్మినేటర్ విడిగా ఉండాలి.

కెమెరాలపని · గురువారం, ఉదయం 11:05

సీసీ కెమెరాలు బిగిస్తాను. నా గోడౌన్ నిండా క్యాట్ 5 తీగ (కంప్యూటర్ నెట్‌వర్కుకు వాడేది) ఉంది. మెలితిరిగిన జంటలే కదా, అది పనికిరాదా? ధరలో చాలా తేడా.

ఓమ్‌సూత్రం · గురువారం, మధ్యాహ్నం 1:15

పనికివస్తుంది. క్యాట్ 5 ఇంపిడెన్స్ 100 ఓమ్‌లు, 120కి దగ్గరే. హాల్లో గోడల వెంట శాశ్వతంగా వేయడానికి దాన్ని ప్రమాణాలే అంగీకరించాయి. దాని చివర ఉండే ఆర్‌జే 45 ప్లగ్గులో 1, 2 పిన్నులు డేటా ప్లస్, మైనస్. 7, 8 కామన్. అంటే నారింజ జంట డేటాకు, గోధుమ జంట కామన్‌కు. నీలం జంట ఉండే 4, 5 పిన్నులను ఖాళీగా వదిలేశారు. పొరపాటున టెలిఫోన్ లైన్‌కు గుచ్చితే వచ్చే వోల్టేజీ డేటా మీద పడకుండా. లైట్లకు గుచ్చే గుండ్రని కనెక్టర్‌కు, అంటే ఎక్స్‌ఎల్‌ఆర్‌కు, మార్చేటప్పుడు వరస తిరగబడుతుందని మరవకండి: అక్కడ 2 మైనస్, 3 ప్లస్.

కెమెరాలపని · గురువారం, మధ్యాహ్నం 1:40

అయితే ఒక హెచ్చరిక నేనే చేస్తాను. అంగట్లో చవకగా దొరికే క్యాట్ 5లో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. రెండు సార్లు వంగితే విరుగుతుంది, సోల్డర్ సరిగ్గా నిలవదు. తీగను బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది పూత. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, భేషుగ్గా తీసుకోవచ్చు. ఇంకొకటి, గోడల్లో వాడే ఒంటి పోగు తీగను రోజూ చుట్టి విప్పే పనికి వాడకండి. అది కదలకుండా ఉండటానికే పుట్టింది.

డల్లాస్‌దీపం · శుక్రవారం, ఉదయం 5:30

ఇక్కడ తెలుగు సంఘం నాటకాలకు లైట్లు చూస్తుంటాను. హాళ్ళన్నిటిలో ఐదు పిన్నుల కనెక్టర్లే. ప్రమాణం చెప్పేది కూడా ఐదే. మూడు పిన్నులవి వాడకూడదని స్పష్టంగా ఉంది. నాలుగు, ఐదు పిన్నులు ఖాళీగా ఉంటాయిగా, ఎందుకు ఈ పట్టుదల అనుకునేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రవాడు మైకు బోర్డు నుంచి వచ్చిన కేబుల్‌ను లైటుకు గుచ్చబోయాడు. అందులో మైకును నడపడానికి బోర్డు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉంది. ఆర్ఎస్-485 చిప్పు తట్టుకునేది పన్నెండు. అక్కడ ఐదు పిన్నులు కాబట్టి దూరలేదు.

మైకుసెట్టు · శుక్రవారం, ఉదయం 7:10

ఇక్కడ దొరికే లైట్లన్నీ మూడు పిన్నులవేనండీ. అంగట్లో కానన్ పిన్ను అంటే చేతిలో పెట్టేది మూడు పిన్నులదే. ఐదు పిన్నులకు మారాలంటే లైట్లన్నిటికీ రంధ్రాలు తవ్వాలి. మూడుతోనే బతకాలి, కానీ కలవకుండా చూసుకోవాలి.

నీలికాంతి · శుక్రవారం, ఉదయం 8:45

నిజమే. నేను లైటు కేబుళ్ళ రెండు చివరలకూ పసుపు టేపు చుడతాను, మైకువాళ్ళు ఆ పెట్టె ముట్టుకోరు. పొడవు కూడా దాని మీదే రాస్తాను. చీకట్లో మూడు మీటర్లదా, పదిదా అని సాగదీసి చూసే బాధ ఉండదు.

కొత్తరంగు గారు అసలు అడిగిన ప్రశ్న మరచిపోయాం. ఆర్ఎస్-485 కేబుల్ అని అడగండి. 120 ఓమ్‌లు, 24 గేజ్ లేదా అంతకంటే లావు, రేకు షీల్డుతో పాటు అల్లిక షీల్డు. బెల్డెన్ 9841 అలాంటిదే, కానీ అది పారిశ్రామిక గోడల కోసం చేసినది, కాస్త బిరుసు. చుట్టి మోసే పనికి డీఎంఎక్స్ అని ముద్రించిన మెత్తని కేబుల్ మేలు. దొరక్కపోతే 110 ఓమ్‌ల డిజిటల్ ఆడియో కేబుల్ కూడా ఏ సందేహం లేకుండా తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరుకుతుంది. తొడుగు మీద ఓమ్‌లు అచ్చు వేసి లేకపోతే కొనకండి. నోటిమాటను మీటరుతో కొలవలేం. మీటరు రాగి ఉందో లేదో చెబుతుంది, 120 ఓమ్‌ల ఇంపిడెన్స్‌ను చూపించలేదు.

ఇరవై కేబుళ్ళూ ఒకే పొడవు వద్దు. మూడు మీటర్లవి పన్నెండు, ఐదువి ఐదు, పదివి రెండు, హాలు వెనకకు నలభైది ఒకటి. అతుకులు తగ్గితే తలనొప్పులు తగ్గుతాయి.

కొత్తరంగు · తరువాతి ఆదివారం, రాత్రి 11:30

అందరికీ ఒకేసారి జవాబు. హైదరాబాద్ వెళ్ళి సరిపడా తీగ చుట్ట తెచ్చాను, 120 ఓమ్‌లని అచ్చు ఉన్నదే. రెండు రాత్రుల్లో ఇరవైయ్యీ అయ్యాయి. మైకుసెట్టు గారూ, మూత తొడగడం మూడుసార్లు మరచిపోయాను. బోర్డు చివర మీటరు 134 ఓమ్‌లు చూపింది. ఈ సాయంత్రం రెండు గంటల రిహార్సల్‌లో ఒక్క లైటూ వణకలేదు, మూవింగ్ హెడ్ గోడ చూడలేదు. స్ప్లిటర్‌కు ఇంకా డబ్బు కూడాలి. అప్పటిదాకా బోర్డు, లైట్లు ఒకే కరెంటు మీద పెడుతున్నాం.

పాతతెర · సోమవారం, ఉదయం 6:00

శుభం. నాటకం ఎప్పుడో చెప్పు బాబూ, బస్సెక్కి వస్తాను.

కొత్తరంగు · సోమవారం, ఉదయం 9:15

తప్పకుండా చెబుతాను తాతగారూ. ఇంకో సంగతి. ఆ తెగిన కేబుల్‌ను బాగుచేసి స్నేహితుడికి తిరిగి ఇచ్చాను. వాడు చూసి నెత్తి కొట్టుకున్నాడు. పోయిన ఉగాదికి హరికథలో ఇదే కేబుల్ గరగరమంటుంటే మైకు పాడైందనుకుని కొత్త మైకు కొన్నాడట.